కోట కన్నా మసీదే ముద్దు

కర్నూలు నుంచి కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి పోయే బస్సులో ఎక్కువమంది పత్తి మార్కెట్టు పని మీద పోయేవాళ్లే. ఊళ్లోని పాత జామియా మసీదు చూడ్డానికే టికెట్టు తీసుకున్నానంటే పక్క సీటాయన వింతగా చూస్తాడు. నిజానికి ఆ మసీదు కోసం ఒక నవాబు కోటనే వదులుకున్నాడని చెప్పుకుంటారు.

ఆయన పేరు సిద్ది మసూద్ ఖాన్. సిద్దీలంటే ఆఫ్రికాలోని అబిసీనియా నుంచి వచ్చి దక్కను సుల్తానుల దగ్గర కొలువు చేసి పైకొచ్చిన వాళ్లు. బీజాపూరు ఆదిల్షాహీలు 1568లో విజయనగరం వాళ్ల చేతుల్లోంచి ఆదోని కోటను లాక్కున్నారు. దాదాపు నూరేళ్ల తర్వాత, 1660ల్లో అది మసూద్ ఖాన్ ఏలుబడిలోకి వచ్చింది. 1678లో పసివాడైన సికందర్ ఆదిల్షా తరఫున బీజాపూరు రాజ్యభారమంతా ఈయన మీదే పడింది. అక్కడి తగవులు పడలేక 1683లో వదిలేసి ఆదోనికి వచ్చేశాడు. మూడేళ్లకు, 1686 సెప్టెంబరులో, బీజాపూరు ఔరంగజేబుకు లొంగిపోయింది.

1688లో మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిని ముట్టడించాడు. కొండల మీది కోట అంత సులువుగా లొంగలేదు. అప్పుడాయన ఫిరంగుల మూతులు మసీదు వైపు తిప్పించాడట. తాను కట్టించుకున్న మసీదు కూలడం చూడలేక మసూద్ ఖాన్ కోట తలుపులు తెరిచాడంటారు. ఇంగ్లీషువాళ్ల కాలపు బళ్లారి గెజిటీరు కూడా ఈ కథను ఎత్తిరాసింది. నన్నడిగితే, వెనక బీజాపూరే లేకుండా పోయాక సాయమొచ్చే దిక్కు లేకే ఆయన దిగివచ్చి ఉంటాడు. అయినా జనం ఆయన్ను పిరికివాడని చెప్పుకోలేదు, మసీదు మీద అంత మమకారం ఉన్నవాడని చెప్పుకున్నారు. అలా చెప్పుకునేంత పనితనం ఆ కట్టడంలో ఉంది.

ఇదే మసూద్ ఖాన్ పేరు మంత్రాలయం భక్తులకూ తెలుసు. రాఘవేంద్రస్వామిని పరీక్షించాలని పళ్లెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పించాడనీ, గుడ్డ తీసేసరికి పళ్లు కనబడ్డాయనీ, దాంతో తలవంచి మంచాల గ్రామాన్ని, అంటే ఇప్పటి మంత్రాలయాన్ని, ఇచ్చాడనీ కథ. స్వామి బృందావన ప్రవేశం 1671లో. మహిమ సంగతి నమ్మేవాళ్లకు వదిలేద్దాం. ఒకే పాలకుడి కాలంలో ఇక్కడ మసీదూ అక్కడ మఠమూ పాదుకున్నాయన్నది మాత్రం మా పడమటి కర్నూలు పిల్లలకు బడిలో చెప్పాల్సిన ముచ్చట.

ఇక కట్టడం. ఆదోని మసీదుది బీజాపూరు బాణీ. ఆ బాణీ తెలియాలంటే బీజాపూరులో మూడు చోట్ల ఆగాలి. 1578 ప్రాంతంలో మొదలైన అక్కడి జామా మసీదు ఒకటి, 1626 నాటి ఇబ్రహీం రోజా ఒకటి, 1656లో మహమ్మద్ ఆదిల్షా పోయేనాటికి కడుతూ ఉండిన గోల్ గుంబజ్ ఒకటి. గోల్ గుంబజ్ లోపలి గది ఒక్కో వైపు సుమారు 41 మీటర్లు. నడుమ ఒక్క స్తంభమూ లేదు. చదరపు గది మీద గుండ్రటి గుమ్మటాన్ని నిలపడమే అక్కడి చిక్కు. దానికి వాళ్లు నాలుగు గోడల నుంచీ ఎనిమిది కమానులు లేపి, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయేలా అల్లారు. ఆ అల్లిక పైకి పోయేకొద్దీ చదరం కాస్తా ఎనిమిది మూలలై, గుమ్మటం కూర్చోడానికి అంచు ఏర్పడుతుంది. గుమ్మటం బయటికి తోసే బలాన్ని ఆ కమానుల బరువే లోపలికి లాగి పట్టుకుంటుంది. ఇదే ఉపాయం చిన్న ఎత్తున అక్కడి జామా మసీదులోనూ ఉంది. ఆదోని మసీదు గోల్ గుంబజ్ వెంటనే వచ్చిన తరానిది.

బీజాపూరు పెద్ద కట్టడాల్లో పైరూపం చూస్తే గుమ్మటం తామర రేకుల్లోంచి మొగ్గలా లేస్తుంది, మూలల్లో సన్నటి మీనార్లు నిలుస్తాయి, చూరులా ముందుకు పొడుచుకొచ్చిన చజ్జాను వరసగా రాతి బ్రాకెట్లు మోస్తుంటాయి. కమాను భుజాల మీద వంపు తిరిగిన కొమ్మ, దాని కొసన గుండ్రటి పతకం కనబడితే అది ఆదిల్షాహీ చేయి అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆ పతకాల్లో చాలావాటిని రాతిలో చెక్కలేదు, సున్నంతో పోశారు.

బీజాపూరు చుట్టూ ఉండేది నల్లటి బసాల్టు. ఆదోని కొండలన్నీ గ్రానైటు. దీన్ని పలకలుగా చీల్చడం మనవాళ్లకు విజయనగరం నాటి విద్య. ఉలితో వరసగా గుంతలు కొట్టి, చీలలు దిగేసి, ఒకదాని తర్వాత ఒకటిగా మోదుకుంటూ పోతే బండ గీత గీసినట్టు విడిపోతుంది. సగంలో ఆపేసిన అలాంటి గుంతల వరసలు హంపీ గుండ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే గ్రానైటులో లత చెక్కాలంటే ప్రాణం పోతుంది. అందుకే బరువంతా రాయికి అప్పగించి, అందాన్ని సున్నం చేతిలో పెట్టారు.

ఆ సున్నం తయారీ చిన్న పని కాదు. సున్నపురాయిని బట్టీలో కాల్చాలి. నీళ్లు పోసి చల్లార్చి, తొట్టెల్లో నాననివ్వాలి. ఇసుక కలిపి గానుగలో వెయ్యాలి. గానుగంటే గుండ్రటి కాలవ, అందులో తిరిగే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దులు. పిండి వేలికి గరుకు తగలనంత మెత్తబడాలి. కరక్కాయలు నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తే జిగురు వస్తుంది, గట్టిపడడం నిదానమై మేస్త్రీకి పువ్వు దిద్దే వ్యవధి దొరుకుతుంది. మొదట గరుకు పూత, దాని మీద సన్న పూత, ఆఖర్న గులకరాయితో రుద్ది రుద్ది తెచ్చే నునుపు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్లు గడిచేకొద్దీ ఈ గచ్చు మళ్లీ సున్నపురాయిగానే మారిపోతుంది. సన్న బీటలు పడితే వాన తడికి కరిగిన సున్నమే పేరుకుని వాటిని పూడుస్తుంది.

మసీదులోకి చుట్టుపక్కల గుళ్ల రాళ్లూ వచ్చాయని పాత పురావస్తు జాబితాలు చెప్తాయి. దాన్ని దాచాల్సిన పనీ లేదు, దాంతోనే కట్టడం కథ ముగించేయాల్సిన పనీ లేదు. బీజాపూరులో 1320 నాటి కరీముద్దీన్ మసీదు స్తంభాలూ గుడి స్తంభాలే. గెలిచినవాడు ఓడినవాడి రాయిని వాడుకోవడం దక్కను చరిత్రలో ఉన్నదే. బాధ బాధే, పనితనం పనితనమే.

మొగలులు ఊరి పేరును ఇంతియాజ్‌గఢ్ అని మార్చారు, అది నిలవలేదు. ఆ తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఇక్కణ్ణించే ఏలాడు. 1786లో టిప్పు సుల్తాను కోటను పట్టి బురుజులు పడగొట్టించాడు, మసీదు మాత్రం మిగిలింది. 1800లో ఊరు కుంపిణీకి దత్తమైంది. 1953 అక్టోబరు దాకా ఆదోని బళ్లారి జిల్లాలోదే కాబట్టి దీని పాత కాగితాలకు బళ్లారి పుస్తకాలే వెతకాలి.

ఇలాంటి పాత కట్టడాలకు ఇప్పుడు ఫిరంగి భయం లేదు గానీ సిమెంటు భయం ఉంది. గచ్చు రాలిన చోట సిమెంటు పూసేస్తే గోడలోని తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలి ఉప్పు పొంగి, పక్కనున్న మంచి గచ్చును కూడా పెళ్లలు పెళ్లలుగా రాల్చేస్తుంది. ఆయిల్ పెయింటుదీ అదే వరస. భక్తితోనో శుభ్రం కోసమో వేస్తారు, గుడైనా మసీదైనా చర్చి అయినా. వెయ్యాల్సింది మళ్లీ సున్నమే. దాని ఖర్చు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ, ఆ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. ఊళ్లో ఉన్న ముసలి మేస్త్రీ పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెట్టి కూలి ఇచ్చి నేర్పించే పని ఏ మసీదు కమిటీ అయినా, ఏ గుడి ట్రస్టు అయినా ఈ ఏడే మొదలుపెట్టొచ్చు. దానికి పురావస్తు శాఖ ఉత్తర్వు అక్కర్లేదు.