చల్లటి ప్లగ్గు ఎవరికి?

టర్బో కారుకు రీమ్యాప్ చేయించుకున్న కుర్రాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే. "అన్నా, ఏ ప్లగ్గు వేయమంటావు?" అడిగేసరికే ఫోన్లో అన్నిటికన్నా ఖరీదైన ఇరిడియం సెట్టు తెరిచి ఉంటుంది. బండి రోజూ ఎక్కడ తిరుగుతుందని నేను ఎదురు అడుగుతాను. బూస్ట్ ఎంత పెంచారన్నది ఆ తర్వాతి సంగతి. ధర, బ్రాండు అన్నీ పక్కనబెట్టి ముందు తేల్చుకోవలసినవి హీట్ రేంజి, గ్యాపు.

చల్లటి ప్లగ్గు వేస్తే ఇంజన్ చల్లబడుతుందని కొందరు, స్పార్క్ నీరసిస్తుందని కొందరు అనుకుంటారు. రెండూ నిజం కాదు. ప్లగ్గు కొనకు తగిలే వేడి లోపలి పింగాణీ గుండా, మరల మీదుగా సిలిండర్ హెడ్డులోకి, అక్కణ్నుంచి కూలెంటులోకి దిగాలి. పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగిపోతుంది. అదే చల్లటి ప్లగ్గు. ముక్కు పొడుగైతే వేడి అక్కడే నిలుస్తుంది, అది వేడి ప్లగ్గు. ఈ తేడానే హీట్ రేంజి అంటారు. కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే దానిమీది మసి తనంతట తాను కాలిపోతుంది. 800 దాటి ఇంకా పైకి పోతే స్పార్క్ పడకముందే ఆ ఎర్రటి కొన పెట్రోలును అంటించేస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. అలా నడిచిన ఇంజన్లో పిస్టనుకు చిల్లు పడటానికి ఎంతోసేపు పట్టదు.

హైదరాబాదులో రీమ్యాప్ అనగానే గుర్తొచ్చే కారు పోలో. దాని 1.0 టీఎస్‌ఐ ఇంజన్ కంపెనీ లెక్క 110 హార్స్‌పవర్. మామూలు రీమ్యాపుతో ఇంకో పాతిక ముప్పై పెరుగుతుంది. అదనపు 75 నుంచి 100 హార్స్‌పవర్‌కు ఒక మెట్టు చల్లటి ప్లగ్గుకు వెళ్లమని ఎన్‌జీకే కంపెనీ చెప్పే లెక్క. ఆ ప్రకారం ఈ బండికి మెట్టు మారనక్కరలేదు. అయినా రెండు మెట్లు చల్లటివి బిగించుకుని తిరిగేవాళ్లున్నారు. వారమంతా అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఫస్టు, సెకండు గేర్లలో పాకే బండికి కొన 450 చేరేదెప్పుడు? మసి పడుతుంది, పొద్దున స్టార్టింగ్ మొరాయిస్తుంది, కుర్రాడు ట్యూనర్ని తిట్టుకుంటాడు. నా మటుకు, చిన్న రీమ్యాపుకు కంపెనీ హీట్ రేంజే చాలు. పెద్ద టర్బో వేసి, రేస్ ట్రాక్ మీద గంటల తరబడి లోడ్ పెట్టేవాళ్లు ఒక మెట్టు చల్లటిదానికి వెళ్లాలి. తేల్చుకోలేకపోతే ఆ ఒక్క మెట్టు చల్లటి వైపే మొగ్గు చూపుతాను. మసి పడితే పోయేది ప్లగ్గు, అటువైపు తప్పితే పోయేది పిస్టన్.

కొనేటప్పుడు నెంబరు చదవడం తెలియాలి. ఎన్‌జీకే, డెన్సోల్లో నెంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లటిది. బాష్‌లో సరిగ్గా తిరగబడుతుంది, నెంబరు తగ్గేకొద్దీ చల్లటిది. ఎన్‌జీకేలో 6 నుంచి 7కు వెళ్లిన అలవాటుతో బాష్‌లోనూ 7 అడిగేవాడు ఇంజన్‌కు చేటు చేస్తున్నట్టే.

ఇక గ్యాపు. మా వాళ్లలో ఎక్కువమంది అశ్రద్ధ చేసేది దీన్నే. నిండా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నాలుగో గేరులో బండి జర్కులు కొడుతుంటే కాయిల్ పోయిందని కాయిల్ మారుస్తారు. బూస్ట్ పెరిగితే సిలిండర్లో గాలి చిక్కబడుతుంది, అంత చిక్కటి గాలిని దాటడానికి స్పార్క్‌కు ఎక్కువ ఓల్టేజి కావాలి. కాయిల్ ఇవ్వగలిగినదానికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే స్పార్క్ గ్యాపులో పడక పింగాణీ ఒడ్డునుంచి జారిపోతుంది, అదే మిస్ ఫైర్. 0.8 మిల్లీమీటర్లున్న గ్యాపును 0.6కు తెస్తే చాలా బళ్లలో జర్కులు అక్కడితో ఆగుతాయి. ఆ తేడా రెండు కాగితాల మందమంత. అంతకన్నా బిగిస్తే మంట మొగ్గ చిన్నదై ఐడిలింగ్ గరుకెక్కుతుంది.

గ్యాపు సరిచేసేటప్పుడు చెయ్యి నెమ్మదిగా ఆడాలి. వంచవలసింది పైనున్న కొక్కెం లాంటి ఎలక్ట్రోడ్‌ను మాత్రమే. ఇరిడియం ప్లగ్గు మధ్య తీగ 0.6 మిల్లీమీటర్లు, డెన్సోలో కొన్నిటికి 0.4. కాలడంలో గట్టిదే, పక్కకు నొక్కితే మాత్రం పుటుక్కున విరిగిపోతుంది. నాణెం ఆకారంలో దొరికే గ్యాప్ గేజిని దానికి ఆనించి తిప్పొద్దు, తీగ గేజి వాడండి. ఇరిడియం సన్నటి మొన మీద స్పార్క్ తక్కువ ఓల్టేజికే దూకుతుంది, బూస్ట్ బండికి దానివల్ల మేలే. అయితే తరచుగా విప్పి చూసుకునేవాళ్లకు మామూలు నికెల్ ప్లగ్గూ బాగానే పనిచేస్తుంది, త్వరగా అరిగితే మార్చుకోవచ్చు.

రీమ్యాప్ తర్వాత కొన్నాళ్లు నడిపి ప్లగ్గులు విప్పినప్పుడు సిలిండర్ వరుసలోనే బల్ల మీద పెట్టుకోండి. మంచి వెలుతురులో భూతద్దంతో ముక్కు చూడాలి. లేత గోధుమ, బూడిద రంగైతే సరిగ్గా నడుస్తోంది. పొడి నల్లటి మసైతే పెట్రోలు ఎక్కువో, ప్లగ్గు మరీ చల్లనో. తెల్లగా మాడి బుడిపెలు లేస్తే వేడి ఎక్కువ. పింగాణీ మీద సన్నటి మెరుపు చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి ఊడిపడ్డ అల్యూమినియం, అంటే నాకింగ్ జరుగుతోందన్నమాట. ఆ రోజే బూస్ట్ తగ్గించాలి. అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే తెల్లబడితే ఆ లోపం ప్లగ్గుది కాదు, ఆ సిలిండర్ ఇంజెక్టర్ తీసి చూడండి.