గామే ద్రాక్షకు అంటిన నింద

బోజొలే వైన్ పేరెత్తగానే పెదవి విరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు తాగింది నవంబరులో హడావిడిగా అమ్మే కొత్త వైన్ ఒక్కటే. తీర్పు మాత్రం ప్రాంతం మొత్తానికీ ఇచ్చేస్తారు.

ఫ్రాన్సులో లియాన్ నగరానికి ఉత్తరాన, సోన్ నదికి పడమట ఉన్న కొండల వరస బోజొలే. అక్కడి తోటల్లో దాదాపు అంతటా గామే అనే ఒకే ఒక్క ద్రాక్ష. తొక్క నలుపు, రసం తెలుపు. పుట్టుకలో ఏ లోటూ లేదు. పినో నువార్, గ్వే బ్లాన్ అనే రెండు రకాల సంతానమని 1999లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. లోకమంతా నెత్తిన పెట్టుకునే షార్డొనే కూడా ఆ జంట బిడ్డే. అయినా ఈ తోబుట్టువుకు మొదటినుంచీ అవమానాలే. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ గామేను దుష్టమైన మొక్క అని తిట్టి, తన నేలలో వేళ్లతో సహా పీకించమన్నాడు. అలా తరిమేస్తేనే అది దక్షిణాన గ్రానైటు కొండలు చేరిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో గానీ, గ్రానైటు మీద గామే పండినట్టు మరెక్కడా పండలేదన్నది మాత్రం నిజం.

ఇక అక్కడి పనితనం. మామూలుగా ద్రాక్షను కాడల నుంచి ఒలిచి, చిదిపి పులియబెడతారు. బోజొలేలో గుత్తిని గుత్తిగానే తొట్టిలోకి దించుతారు. అందుకే కోత చేత్తోనే కోయాలి. యంత్రమైతే గుత్తిని వదిలేసి పండ్లను రాల్చుకుపోతుంది. తొట్టి నిండాక పై బరువుకు అడుగు గుత్తులు నలిగి, రసం ఊరి, పులవడం మొదలవుతుంది. అందులోంచి పుట్టిన బొగ్గుపులుసు వాయువు గాలిని బయటికి నెట్టి తొట్టెంతా ఆక్రమిస్తుంది. (అప్పుడు తొట్టిలోకి తల వంచితే ప్రాణానికే ముప్పు.) ఊపిరాడని పై గుత్తుల్లో, పండు పగలకుండానే, దాని ఎంజైములే లోపలి చక్కెరలో కొంత భాగాన్ని ఆల్కహాలుగా మార్చేస్తాయి. రెండు శాతం దగ్గర అది ఆగిపోతుంది. ఈలోగా పులుపు మెత్తబడుతుంది, తొక్కలోని రంగు గుజ్జులోకి దిగుతుంది. నాలుగో రోజున పైనుంచి ఒక పండు తీసి వేళ్ల మధ్య నొక్కితే తెల్లగా ఉండాల్సిన గుజ్జు గులాబి రంగులో కనిపిస్తుంది. నోట్లో వేసుకుంటే నాలుక మీద సన్నగా చురచురలాడుతుంది. తర్వాత గుత్తుల్ని పిండితే సగమే పులిసిన తియ్యటి రసం కారుతుంది. దాన్ని అక్కడ ‘పారడీ’ అంటారు, అంటే స్వర్గం. కోతల కాలంలో ఆ ఊళ్లకు వెళ్లినవాళ్లకే అది దక్కుతుంది.

కొత్త వైనుకు నాలుగైదు రోజులు నానబెట్టడంతోనే సరిపెడతారు. పేరున్న పది ఊళ్ల వైన్లకైతే పది రోజులు, పదిహేను రోజులు, ఇంకా ఎక్కువ కూడా ఉంచుతారు. తేడా అంతా ఆ ఓపికలోనే ఉంది. ఫ్లరీ వైన్ పూల వాసనతో తేలిగ్గా ఉంటుంది. మోర్గాన్‌లో కోట్ డ్యు పీ అనే కొండ ఉంది. అక్కడి చివికిన నీలిరాతి నేలలో పండిన వైన్ ఏళ్లు గడిచేకొద్దీ చెర్రీ నుంచి మట్టి వాసనకు, ఆపైన అచ్చం బర్గండీ పోలికకు వస్తుంది. మూలాన్-ఆ-వాన్ వైన్ పదేళ్లు, ఇరవయ్యేళ్లు సునాయాసంగా నిలుస్తుంది. నేలలో మాంగనీసు ఉండబట్టే కాపు తగ్గి రసం చిక్కబడుతుందని అక్కడివారి నమ్మకం. తక్కిన ఏడింటికీ అభిమానులున్నారు. నాది మాత్రం మోర్గాన్ పక్షం, దాచుకోను.

ఆ పక్షపాతానికి కారకుడు మోర్గాన్ రైతు మార్సెల్ లాపియేర్. రసాయనాలే వ్యవసాయమని అందరూ నమ్మిన రోజుల్లో ఆయన ఝూల్ షోవే మాట విన్నాడు. షోవే వైన్ వ్యాపారి, రసాయన శాస్త్రవేత్త. పండు మీద సహజంగా ఉండే ఈస్టు చాలునని, గంధకం వీలైనంత తగ్గించాలని, ఆరోగ్యమైన పండే అసలు మందని ఆయన వాదన. లాపియేర్ ముసలి తీగలనుంచి బాగా పండిన గుత్తులే కోసి, కుళ్లు తగిలినదాన్ని ఒక్కొక్కటిగా ఏరేసి, చల్లబరిచి తొట్టిలో వేసేవాడు. ఝాన్ ఫోయార్, గీ బ్రెటన్, ఝాన్-పోల్ తెవనే ఆయనకు తోడు నిలిచారు. ఫ్రాన్సులో నేచురల్ వైన్ అన్నది ఇవాళ ఒక ఉద్యమమైందంటే అందులో ఈ మోర్గాన్ జట్టుకు పెద్ద వాటా ఉంది. లాపియేర్ 2010లో పోయాడు. ఆ కొండ పరువు నిలబెట్టాకే పోయాడు.

బోజొలే మొత్తం పరువు తీసింది మాత్రం తొందర. కొత్త వైన్ లియాన్ వాసుల ముచ్చట. కోతల అలుపు తీరడానికి తాగే తాజా పానీయం. దానిలో తప్పేమీ లేదు. 1951లో దాన్ని డిసెంబరుకు ముందే అమ్ముకోవడానికి అనుమతి వచ్చింది. 1985 నుంచి నవంబరు మూడో గురువారం ముహూర్తమైంది. ఝోర్జ్ డుబఫ్ లాంటి అమ్మకపు మాంత్రికుడు దాన్ని టోక్యో దాకా మోసుకెళ్లాడు. అక్కడిదాకా బాగానే ఉంది. గిరాకీ పెరిగేసరికి లేత కాపు కోసి, చక్కెర కలిపి బలం తెప్పించి, ద్రాక్షను వేడిచేసి రంగు లాగి, అరటిపండు వాసననిచ్చే ఎంపిక చేసిన ఈస్టు చల్లి, నాలుగు వారాల్లో సీసాలకెత్తడం మొదలెట్టారు. ఏ తోటదైనా ఒకటే వాసన! అది గామే వాసన కాదు, ఈస్టు పొట్లం వాసన. 2001 పంటలో పది లక్షలకు పైగా పెట్టెల వైన్ అమ్ముడుపోక బట్టీ పాలైంది. అమ్మినవాళ్లు ఎక్కడికీ పోలేదు. మునిగింది వాలు కొండల మీద ఒంగి పనిచేసే రైతులు. ఈ శతాబ్దం మొదట్లో 20 వేల హెక్టార్లు దాటిన తోటలు ఇవాళ 13 వేల దగ్గరికి పడిపోయాయి. పీకేసిన వాటిలో ముసలి తీగలూ ఉన్నాయి. వాటిని తిరిగి తేవడం ఏ ప్రభుత్వానికీ చేతకాదు.

ఫ్రాన్సులోనో లండన్‌లోనో ఉన్న మన పిల్లలకు, వైన్ తాగే అలవాటున్నవారికి, నాదొక మనవి. సీసా మీద బోజొలే అన్న మాట వెతకొద్దు. మోర్గాన్, ఫ్లరీ, షెనా లాంటి ఊరి పేరూ, పండించిన రైతు పేరూ చూడండి. పది ఊళ్ల సీసాల మీద చాలాసార్లు ప్రాంతం పేరే ఉండదు. ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, 14 డిగ్రీల దగ్గర తాగండి. పేరున్న బర్గండీ సీసాకు పెట్టే ధరలో సగం కూడా కాదు. ఆ సగమైనా ఆ రైతుకు అందితేనే వచ్చే ఏడు అతను తోటలో ఉంటాడు.