పంచాంగంలో కోణమానిని

ఆరో తరగతి అయిపోగానే కోణమానిని జామెట్రీ బాక్సుతోపాటు అటకెక్కుతుంది. గోడ మీది తెలుగు క్యాలెండరు మాత్రం దిగదు. "చవితి ఎన్నింటిదాకా ఉంది?" అని అందులో వెతికే ఇల్లాలు వెతుకుతున్నది నిజానికి ఒక కోణం కొలతను.

తిథి అంటే రోజు కాదు. సూర్యుణ్ని దాటి చంద్రుడు ఎంత ముందుకు జరిగాడన్న లెక్క. పూర్తి చుట్టు 360 డిగ్రీలు, తిథులు ముప్పై, కాబట్టి తిథికి 12 డిగ్రీలు. అమావాస్య ముగిసే క్షణానికి ఇద్దరి మధ్య తేడా సున్నా. పున్నమి ముగిసేసరికి 180, అంటే సగం చుట్టు. క్యాలెండర్లో "శుద్ధ అష్టమి ప. 2.14" అని ఉంటే ఆ నిమిషానికి తేడా 96 డిగ్రీలకు చేరిందన్నమాట. పావు చుట్టు, అంటే 90, అష్టమి నడిమధ్యలోనే దాటిపోయింది. సగం చందమామ కనిపించేది అప్పుడే. బహుళ అష్టమి దగ్గర ముప్పావు చుట్టు పూర్తవుతుంది, అందుకే కృష్ణాష్టమి నాడు చంద్రోదయం అర్ధరాత్రికి అటూ ఇటూగా ఉంటుంది.

బడిలో కోణాలు చెప్పేవాళ్లు దీన్ని వాడుకోకపోవడం విడ్డూరమే. చెయ్యి బారజాపి పిడికిలి పడితే, ఆ వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. శుద్ధ చవితి సాయంత్రం సూర్యుడు కుంకిన చోటి నుంచి ఏటవాలుగా పైకి నాలుగు పిడికిళ్లు కొలిస్తే అక్కడే ఉంటాడు నెలవంక. వినాయక చవితి నాడు చూడకూడదంటారు కాబట్టి పిల్లల చేత ఈ ప్రయోగం మరో నెలలో చేయించడం మేలు!

పంచాంగంలోని అయిదింటిలో వారం ఒక్కటే కోణం కాదు. కరణం సగం తిథి, 6 డిగ్రీలు. నక్షత్రం చుట్టులో ఇరవై ఏడో వంతు. 360ని 27 పెట్టి భాగిస్తే డిగ్రీలు సరిగా తెగవు. కానీ చుట్టును 21,600 కళలుగా చూసే పాత లెక్కలో నక్షత్రానికి నిక్కచ్చిగా 800 కళలు వస్తాయి, పాదానికి 200. "మాది రోహిణి రెండో పాదం" అనే మనిషి చుట్టులో నూట ఎనిమిదో వంతు దాకా చిరునామా చెబుతున్నట్టే.

చంద్రుడి నడక ఒకే వేగంతో సాగదు. ఆ 12 డిగ్రీలకు ఒకసారి పంతొమ్మిది గంటలు చాలితే, మరోసారి ఇరవై ఆరు పట్టొచ్చు. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజుకు పేరవుతుంది గనుక ఒక తిథి మాయమవడం, ఇంకొకటి రెండు రోజులు నిలవడం మామూలే.

కోణం ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది, సూర్యోదయమే ఊరికో వేళ. విజయవాడలో మంగళవారం ఉదయం 8కి ముగిసే ఏకాదశి, వేసవిలో డాలస్ గడియారం ప్రకారం సోమవారం రాత్రి 9.30కే అయిపోతుంది. ఇక్కడి క్యాలెండరును వాట్సాప్‌లో చూసుకుని అక్కడ మంగళవారం ఉపవాసం ఉన్నవాళ్లు ద్వాదశి నాడు పస్తున్నట్టే.