కాగితంలో కాలేజీ మాట

విడాకుల ఒప్పందం రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేసరికి అన్నీ పెద్దమనుషులు ముందే తేల్చేసి ఉంటారు. బంగారం వాపసు, కట్నం డబ్బుల్లో ఇంత వాపసు, ఇక ఒకరి జోలికి ఒకరు రావద్దు. పిల్ల అప్పటికి రెండో తరగతో మూడో తరగతో చదువుతుంటుంది. ‘చదువు సంగతేం చేసిండ్రు?’ అని అడుగుతాను. ‘సర్కారు బడికి పోతది వకీల్ సాబ్, దానికేం ఖర్చు?’ అంటారు. ఆ రోజుకు అది నిజమే. ఆర్మూర్‌లో ఇన్నేళ్లుగా ఈ కాగితాలు రాస్తూ నేను మొండిగా పట్టుబట్టేది మాత్రం ఆ పిల్ల ఇంటర్ పాసైన మర్నాటి గురించి.

పాత సీఆర్‌పీసీ 125, అంటే 2024 జూలై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 144 కింద పిల్లలకు భరణం మామూలుగా 18 ఏళ్లు నిండేదాకానే. కాలేజీ ఫీజు మొదలయ్యేదీ అప్పుడే. కూతుళ్లకు ఇంకో దారి ఉంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురి బాధ్యత తల్లిదండ్రులదే. మనోవర్తిలో తిండి, బట్టలతో పాటు చదువునూ ఆ చట్టమే చేర్చింది. 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కును గుర్తుచేసింది. తల్లి ‘ఇక నాకేమీ రావలసింది లేదు’ అని సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డ హక్కు పోదు.

2025 జనవరిలో వచ్చిన ఇంకో ఉత్తర్వు నన్ను చాలా కదిలించింది. విడిపోయిన దంపతుల కూతురు ఐర్లండ్‌లో చదువుతోంది. చదువుకని తండ్రి ఇచ్చిన 43 లక్షలు ఆత్మాభిమానంతో వద్దంది. అది ఆమెకు చట్టబద్ధంగా రావలసిన డబ్బేనని సుప్రీంకోర్టు చెప్పింది. అంత డబ్బు మన దగ్గర ఎవరికుంది గానీ, ఆ అభిమానం మాత్రం ఇక్కడి ఆడపిల్లల్లోనూ చూస్తాను. ‘కోర్టుకన్నా పోత గానీ బాపు ఇంటికి పోయి అడగ’ అంటుంది పదిహేడేళ్ల పిల్ల. కోర్టుకు మాత్రం ఎందుకు పోవాలి? అడగాల్సిన అవసరమే రాకుండా పదేళ్ల ముందే రాసి పెట్టవలసింది పెద్దవాళ్లు.

ఎంత రాయాలన్నది అసలు తకరారు. పసుపు రైతుకు జీతం చీటీ ఉండదు. పంట అమ్మినప్పుడు ఇచ్చే తక్‌పట్టీ ఉంటుంది. బస్తాలెన్ని, తూకమెంత, ధర ఎంత, హమాలీ ఎంత పోయింది, అడ్తి దుకాణంలో తెచ్చుకున్న అప్పు ఎంత కోసుకున్నారు, అన్నీ ఆ చిన్న కాగితంలోనే. మూడేళ్ల తక్‌పట్టీలు ముందు పెట్టుకుంటే ఆ ఇంటి సంగతి తెలుస్తుంది. 2020లోనే రజనీష్ వర్సెస్ నేహా తీర్పు ఆస్తి, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ దాఖలు చేయాలంది. సేద్యం చేసేవాళ్లకు వేరే నమూనా కూడా ఇచ్చింది. ధర ఏటా ఒకేలా ఉండదు కాబట్టి నేను ఒక అంకె వేసి వదిలేయను. కనీసం ఇంత, ధర బాగా పలికిన ఏడాది ఇంకింత అని రాస్తాను.

నెల మాట మరీ ముఖ్యం. కౌన్సెలింగ్, ఫీజు జూలై, ఆగస్టుల్లో. అప్పటికి పసుపు విత్తనం పెట్టి, ఎరువులు కొని రైతు చేతిలో పైసా ఉండదు. ‘పంట అమ్మినంక ఇస్త’ అన్న తండ్రి అబద్ధమాడటం లేదు. పంట తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి నిజామాబాద్ యార్డుకు చేర్చేది ఫిబ్రవరి నుంచి. అందుకే ‘ప్రతి ఏటా ఏప్రిల్ 30 లోపు’ అని రాయిస్తాను. పదేళ్ల లోపు ఆడపిల్లయితే సుకన్య సమృద్ధి ఖాతా తెరిపిస్తాను. పైచదువుకు అందులో సగం దాకా తీసుకోవచ్చు. తల్లికి సంపాదన ఉంటే ఆమె వంతూ రాస్తాను.

‘ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా’ అంటారు. ఇంజినీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకు రాని బీసీ పిల్లల్లో చాలామందికి ఏడాదికి 35 వేలే. మిగతా ఫీజు, హాస్టలు ఇంటివాళ్లే భరించాలి.

కొడుకుల విషయంలో చట్టం ఇంకా వెనకే ఉంది. 18 నిండిందని తండ్రి బాధ్యత తీరిపోదని 2021లో ఢిల్లీ హైకోర్టు అన్నది గానీ, కూతురికి ఉన్నంత స్పష్టమైన సెక్షన్ కొడుక్కి లేదు. మగపిల్లవాడున్న కాగితంలో అందుకే ‘డిగ్రీ పూర్తయ్యేవరకు’ అన్న మాట పడేదాకా నేను ఎవరి సంతకమూ తీసుకోను.