అందుబాటు పరీక్ష: యంత్రము పట్టలేని తప్పులు

మొబైల్ ఫోనులోని ఒక యాప్ చూపు లేనివారికి, చేతులు వణకువారికి, వృద్ధులకు పనికివచ్చునా రాదా అని తేల్చుటకు రెండు దారులు కలవు. ఆ పనికై వ్రాసిన ప్రోగ్రామునకు తెరను అప్పగించి, అది ఎత్తిచూపిన తప్పులను దిద్దుకొనుట ఒకటి. మనిషియే ఫోను చేతబట్టి, యాప్‌ను మొదటినుండి చివరిదాక వాడిచూచుట రెండవది. మొదటిదానికి ఖర్చు తక్కువ, కాలము తక్కువ. అందువలన కొందరు దానితోనే పని ముగించి, యంత్రమిచ్చిన నివేదికనే యోగ్యతాపత్రముగా చూపుచున్నారు. ఈ పద్ధతి ఎంతవరకు తగినదో విచారింపవలసియున్నది.

ముందుగా స్క్రీన్ రీడరు పనిచేయు తీరు తెలియవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్, ఐఫోనులలో వాయిస్‌ఓవర్ అను రీడర్లు 2009 నుండి ఉన్నవి. వ్రేలు తాకినచోట నున్నదానిని ఇవి పైకి చదివి వినిపించును. అయితే ఇవి ముఖ్యముగా ఆధారపడునది తెరమీది బొమ్మపై కాదు. ప్రతి అంశమునకును ఒక పేరు, అది మీటయా వ్రాతగడియా అను జాతి, నొక్కబడియున్నదా లేదా అను స్థితి, ఇవన్నియు తెరవెనుక చెట్టుకొమ్మలవలె అమర్చబడియుండును. రీడరు చదువునది ఆ కొమ్మలను. భూతద్దపు బొమ్మను చూడగనే చూపు గలవాడు అది వెదకుటకని గ్రహించును. ప్రోగ్రాము వ్రాసినవాడు దానికి పేరు పెట్టనిచో రీడరు ‘పేరులేని మీట’ అని ఊరకుండును. 2020లో ఐఫోను రీడరు బొమ్మను చూచి ఊహించుట కూడ నేర్చినది గాని, ఊహను నమ్మి డబ్బు పంపువారుందురా?

యంత్రపరీక్షకు దక్కవలసిన మర్యాద దక్కవలెను. గూగుల్ సంస్థ 2016లో విడుదల చేసిన యాక్సెసిబిలిటీ స్కానర్ ఇందుకు మంచి ఉదాహరణము. ఇది తెరను పరిశీలించి, దోషమున్నచోట్ల నారింజరంగు గడులు గీసి చూపును. మీటలు కనీసము 48 డీపీ, అనగా సుమారు 9 మిల్లీమీటర్లు ఉండవలెనని ఆండ్రాయిడ్ సూచన. అంతకు తగ్గినదానిని ఇది పట్టుకొనును. అక్షరములకును వెనుకనున్న రంగునకును గల కాంతిభేదము, మామూలు పరిమాణపు అక్షరములలో, 4.5కు 1 నిష్పత్తికి తగ్గరాదని డబ్ల్యూసీఏజీ అను అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. పూర్తి నలుపు తెలుపుల నడుమ ఈ నిష్పత్తి 21. తెల్లని నేలమీది బూడిదరంగు అక్షరములో ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడును 255కు 118 చొప్పున ఉన్నప్పుడు నిష్పత్తి 4.54, 119 చొప్పున ఉన్నప్పుడు 4.48. మొదటిది నెగ్గును, రెండవది తప్పును. ఈ భేదమును ఎంతటి చురుకైన కన్నైనను పట్టజాలదు. పైగా యాప్‌ను మార్చినప్పుడెల్ల ఇదే పరీక్షను అలుపు లేక తిరిగి చేయుట యంత్రమునకే చెల్లును.

చిక్కు ఎక్కడనగా, పేరు ఉన్నదా అని చూచునంత బాగుగా ఆ పేరు సరియైనదా అని యంత్రము చూడజాలదు. డబ్బు పంపు మీటకు తొందరలో ‘బొమ్మ 27’ అని తగిలించినను, లెక్కకు పేరు ఉన్నట్లే. తెలుగు యాప్‌ల విషయమున ఇది మరింత ముదురును. తెరమీది మాటలన్నిటిని తెలుగులోనికి మార్చి, తెరవెనుక పేర్లను ఇంగ్లీషులోనే వదలివేయుట సులభముగా జరుగు పొరపాటు. కంటికి కనబడనివి గనుక అవి అనువాదకుని చేతికి రాకపోవచ్చును. అప్పుడు చూపు గలవాడు తెలుగు యాప్ వాడుచుండగా, చూపు లేనివాడు దానినే సగము ఇంగ్లీషులో వినుచుండును.

రెండవ చిక్కు కాలమునకు సంబంధించినది. యంత్రము సాధారణముగా పరీక్షించునది ఒక క్షణమందలి తెరను. ఓటీపీ వ్రాయుటకు 30 సెకండ్లు గడువిచ్చు తెరను ఊహింపుడు. తగ్గుచున్న ప్రతి సెకండును రీడరు చదువునట్లు అమర్చినచో, 29, 28, 27 అను లెక్కల నడుమ వినవలసిన ఆరంకెల సంఖ్య కొట్టుకొనిపోవును. నిశ్చలమైన ఛాయలో మాత్రము ప్రతి గడికిని పేరున్నది, ప్రతి అక్షరమునకును కాంతి చాలును.

అన్నిటికంటె విచిత్రమైనది మరొకటి. కొన్ని ఆటల యాప్‌లు తెరనంతను ఒకే చిత్రముగా గీయును, వెనుక కొమ్మలుండవు. కొమ్మలు లేనిచోట తప్పు పట్టుటకు చోటెక్కడిది? కాబట్టి బొత్తిగా వాడరాని యాప్‌కు, సగము వాడదగిన యాప్‌కంటె చిన్న తప్పులపట్టిక రావచ్చును. తప్పుల సంఖ్యను మార్కులుగా మార్చి యాప్‌లను పోల్చుట ఎంత అవివేకమో దీనినిబట్టి తెలియును.

అట్లని మనిషి చేసిన పరీక్షయెల్ల నమ్మదగినదా? చూపు గల పరీక్షకుడు కన్నులు మూసికొన్నను, ఆ తెర అతనికి ముందే తెలియును. మీట క్రింద కుడివైపున ఉన్నదను జ్ఞాపకము వ్రేలికి దారి చూపును. వాయిస్‌ఓవర్‌లో తెరను నల్లగా కప్పివేయు ఏర్పాటు ఉన్నది గాని, జ్ఞాపకమును కప్పు ఏర్పాటు లేదు. అదియు గాక, అనుదినము రీడరు వాడువారు వ్రేలిని ప్రక్కకు విదిలించుచు అంశమునుండి అంశమునకు సాగుదురు. వారిలో పలువురు వినుచున్న వేగము క్రొత్తవానికి అర్థమే కాదు. అతడు కష్టమన్నది వారికి సుళువు కావచ్చును, సుళువన్నది చిక్కు కావచ్చును.

ప్రగ్యా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయమును బ్యాంకుల గడప దాక తెచ్చినది. ఖాతా తెరచుట మొదలగువానికై ఫోనుద్వారా జరుపు గుర్తింపులో, ఎదుటనున్నది ప్రాణమున్న మనిషియే అనుటకు ఋజువుగా కనురెప్పలు ఆర్పుమని యాప్ అడుగుట కలదు. ఆసిడ్ దాడిలో ముఖము, కండ్లు కాలినవారు రెప్ప ఎట్లు ఆర్పగలరు? చూపు లేనివారు ముఖమును గడిలో సరిగా ఎట్లు నిలుపగలరు? ఆ తెరను స్కానరుకు చూపినచో మీటకు పేరుండవచ్చును, పరిమాణము చాలవచ్చును, కాంతియు చాలవచ్చును. తప్పు యాప్ చేసిన కోరికలోనే ఉన్నది. ఆ కోరికను తీర్చలేని మనిషి ఫోను ఎదుట కూర్చున్నప్పుడు గాని అది బయటపడదు.

డిజిటల్ సేవలను పొందుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని చెప్పుచు కోర్టు 20 ఆదేశములిచ్చినది. రెప్పలార్పుట గాక వేరు మార్గములను ఏర్పరచవలెననియు, అర్హులైన నిపుణులచే ఎప్పటికప్పుడు తనిఖీ జరిపింపవలెననియు వానిలో కలదు. యాప్‌ను గాని క్రొత్త సౌకర్యమును గాని రూపొందించునప్పుడు వాడకపు పరీక్షలో చూపు లేనివారిని చేర్చుకొనవలెననియు విధించినది. కొలతల విషయమున భారతీయ ప్రమాణము ఐఎస్ 17802 ఇంతకుముందే, 2021, 2022 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడియున్నది. ఇక సంస్థలు ప్రకటించు నివేదికలలో స్కానరు చూపిన తప్పుల సంఖ్యకు ప్రక్కన మరొక పట్టిక ఉండవలసియున్నది: ఖాతా తెరచుట, డబ్బు పంపుట, ఫిర్యాదు చేయుట అను పనులలో దేనిని తెర చూడకయే ఎవరు ముగించిరి, ఎవరు ఏ తెరవద్ద ఆగిపోయిరి అనునది.