రెండేళ్ల తర్వాత సెట్టర్ ఎవరు?

డిగ్రీ కాలేజీ అమ్మాయిల వాలీబాల్ టీమ్‌కి ఆయుష్షు మూడేళ్లు. అందులో మొదటి ఏడాది కాలేజీకి అలవాటు పడటానికే సరిపోతుంది. మూడో ఏడాది ప్రాజెక్టులకీ, పెళ్లిచూపులకీ, ఉద్యోగం వెతుక్కోవడానికీ పోతుంది. నడుమ మిగిలిన ఏడాదిలో ఆడిందే ఆట. శంషాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్లుగా పనిచేసే మా అందరికీ ఈ లెక్క తెలిసిందే. అయినా ఏటా దోస్త్‌లో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, నేను ఓ పాత రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటాను. వచ్చే ఏడు ఎవరుంటారు, ఆ పై ఏడు ఎవరుంటారు అని పేర్లు రాస్తాను, కొట్టేస్తాను, మళ్లీ రాస్తాను.

ఆ రిజిస్టర్‌లో ప్రతి పేరు పక్కన కొన్ని గడులుంటాయి. ఏ స్థానంలో ఆడుతుంది, ఏ ఇయర్, బ్యాక్‌లాగులు ఎన్ని, ఏ ఊరు. ఆఖరి గడిలో వాళ్ల ఊరికి చివరి బస్సు ఎన్నింటికో ఉంటుంది. ఎవరికైనా చూపిస్తే ఆ గడి చూసి నవ్వుతారు. టీమ్ నిలబడేదీ కూలేదీ ఆ గడిని బట్టే. కొత్తూరు వైపు వెళ్లాల్సిన పిల్ల, మహేశ్వరం వైపు వెళ్లాల్సిన పిల్ల ఇద్దరూ ఐదున్నరకి బ్యాగు సర్దేస్తే, ఆరింటి దాకా ప్రాక్టీస్ చేయడానికి నాకు మిగిలేది ఊళ్లో ఉండే నలుగురూ, నెట్టూ.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఈసారి మంచి షూటర్ దొరికిందా?" నెట్ ఎత్తు అమ్మాయిలకి 2.24 మీటర్లు. దాని మీద నుంచి కొట్టాలంటే పొడుగు కావాలి కాబట్టి ఐదడుగుల ఎనిమిది అంగుళాల పిల్ల కనిపిస్తే మాకూ పండగే, అబద్ధమెందుకు? కానీ నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే. రెండేళ్ల తర్వాత సెట్టర్ ఎవరు?

మూడు టచ్‌ల ఆట ఇది. మొదటిది వచ్చిన సర్వీస్‌ని లేపడం, మూడోది అవతలికి కొట్టడం. నడుమ రెండో బంతి సెట్టర్‌ది. మా పాత ఆటగాళ్లు బూస్టర్ అనేవాళ్లు. ఐదు-ఒకటి పద్ధతిలో ఆడితే టీమ్ మొత్తానికి సెట్టర్ ఒక్కతే. ఆరు రొటేషన్లలోనూ రెండో బంతి దగ్గరికి ఆమే చేరుకోవాలి. ఆమె వెనక వరుసలో ఉన్నప్పుడు ముందు ముగ్గురు కొట్టేవాళ్లుంటారు. ఆమె ముందుకొచ్చిందంటే ఇద్దరే మిగులుతారు. అవతలి బ్లాకర్లు ఎటు దూకుతున్నారో ఓరకంట చూస్తూ, చెడిపోయిన పాస్‌ని సర్దుతూ, ఎవరి చెయ్యి ఈరోజు వేడిగా ఉందో గుర్తుపెట్టుకుంటూ ఆడాలి. ఒంట్లో దూకుడున్న పిల్లని ఒక సీజన్‌లో స్పైకర్‌గా, అదే షూటర్‌గా, పనికొచ్చేలా చేయొచ్చు. సెట్టర్ వేళ్లు కుదరడానికి నా అనుభవంలో రెండేళ్లు తక్కువ కాదు. అంటే ఇప్పుడున్న సెట్టర్ ఫస్టియర్‌లో ఉండగానే తర్వాతి సెట్టర్ ఏ ఇంటర్ కాలేజీలో ఉందో నాకు తెలిసి ఉండాలి.

అందుకే స్కూల్ గేమ్స్ అండర్-19 జిల్లా ఎంపికలకి వెళ్లి ఓ మూల కూర్చుంటాను. మొన్నామధ్య ఒక పిల్లని చూశాను. పాస్ చెడిపోయి బంతి యాంటెన్నా అవతలికి పోతోంది. మూడడుగులు పరుగెత్తింది. మోకాళ్లు నేలకి ఆనేంతగా వంగి, బంతి కిందికి దూరి, నుదుటి మీద పది వేళ్లతో అందుకుని తల తిప్పకుండా వెనక్కి వదిలింది. చప్పుడు లేదు. అరచేతికి తగిలితే వినిపించే ఆ 'టప్' లేదు. బంతి గిర్రున తిరగలేదు కూడా, నింపాదిగా లేచి నాలుగో జోన్‌లో దిగింది. అక్కడున్న పొడుగు పిల్ల దాన్ని బాదింది. చప్పట్లన్నీ పొడుగు పిల్లకే. పక్కనున్న కోచ్‌లు ఆ పిల్ల పేరే రాసుకున్నారు. నేను మాత్రం వాళ్ల పీఈటీ దగ్గరికెళ్లి ఆ సెట్టర్ ఏ గ్రూపు చదువుతోంది, ఇంటి దగ్గర ఎవరెవరున్నారు అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి, "దాన్నా మేడమ్? దానికి షూటింగ్ రాదు" అన్నాడు.

ఇలాంటి పిల్లలు ఇంటర్‌కి వచ్చేసరికే సగం మంది కనబడకుండా పోతారు. హైస్కూల్లో గ్రౌండ్ ఉంటుంది, పీఈటీ ఉంటాడు. పదో తరగతి కాగానే అపార్ట్‌మెంట్‌లో నడిచే జూనియర్ కాలేజీకి పంపిస్తారు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. రెండేళ్లు బంతి ముట్టని చేతులు డిగ్రీలో మొదటి రోజు నా దగ్గరికొచ్చి, "స్కూల్లో స్టేట్ ఆడిన మేడమ్" అంటాయి. ఆడింది నిజమే. వేళ్లకే గుర్తు లేదు. గురుకులాల పిల్లలకి ఈ కష్టం తక్కువ. అక్కడ చాలా చోట్ల ఇంటర్ కూడా అదే ఆవరణలో. 2016లో అమ్మాయిలకి గురుకుల డిగ్రీ కాలేజీలు కూడా వచ్చాక వాళ్లలో బాగా ఆడేవాళ్లు అటే వెళ్తున్నారు. అక్కడ హాస్టల్ ఉంది, చివరి బస్సు బాధ లేదు. నాకు పోటీయే, అయినా ఆ పిల్లలకి అదే మంచిది.

ఇంత వెతికి పెట్టుకున్నా, తీసుకోవడం నా చేతిలో ఉందా అంటే లేదు. దోస్త్ వచ్చిన దగ్గర్నుంచి డిగ్రీ సీటు ఇచ్చేది కంప్యూటర్. పిల్ల మా కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటే, మార్కులు కలిసొస్తే వస్తుంది. నేను చేయగలిగింది వాళ్లింటికెళ్లి చాయ్ తాగి బతిమాలడమే. ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడి డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కింద, ఇంజనీరింగ్ కాలేజీలు జేఎన్టీయూ కింద. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లు పక్కపక్క కాలేజీల్లో చదువుతూ వేర్వేరు యూనివర్సిటీల తరఫున ఆడొచ్చు. అక్క లేపితే చెల్లెలు కొట్టే జోడీ సౌత్ జోన్‌కి వెళ్లే యూనివర్సిటీ టీమ్‌లో ఎప్పటికీ కుదరదు.

మా గ్రౌండ్ మీదుగా రోజూ ఎగిరి వెళ్లే విమానాల్లో ఎంతమంది తల్లిదండ్రులు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తుంటారో! అక్కడ కాలేజీ అమ్మాయిల వాలీబాల్ మనం ఊహించలేనంత పెద్దది. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా యూనివర్సిటీ అమ్మాయిల మ్యాచ్‌కి ఫుట్‌బాల్ స్టేడియంలో 92,003 మంది కూర్చున్నారు. పై డివిజన్ కోచ్‌లు హైస్కూల్ రెండో ఏడాది ముగిశాక జూన్ 15 నుంచి ఆటగత్తెతో నేరుగా మాట్లాడొచ్చు. అంటే మన పదో తరగతి అయిపోయిన వయసు. అక్కడ కోచ్ ఫోన్ చేసే ఆ జూన్‌లోనే ఇక్కడ తండ్రి ఇంటర్ ఫీజు కోసం చిట్టీ ఎత్తుతాడు. అక్కడా చిక్కులు లేకపోలేదు. 2018లో కాలేజీ మారేందుకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, ఈ ఏడు ఆడిన పిల్ల వచ్చే ఏడు ఎదురు టీమ్‌లో కనిపించొచ్చు. అంత దూరం ఎందుకు, కేరళ చూడండి. స్పోర్ట్స్ కౌన్సిల్ కాలేజీలకి అనుబంధంగా క్రీడా హాస్టళ్లు పెట్టింది. చంగనాశ్శేరి అసంప్షన్ లాంటి మహిళా కాలేజీలు దశాబ్దాలుగా ఆ బలం మీదే టీమ్‌లు కట్టాయి. వాళ్ల పిల్లలేం మన పిల్లల కంటే వేరే మట్టితో పుట్టలేదు. సాయంత్రం ఆరు తర్వాత కూడా గ్రౌండ్‌లో ఉండగలుగుతున్నారు, అంతే.

మా దగ్గర ఆ సాయంత్రాన్ని లాక్కునేవి బస్సులే కాదు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ తెరిచాక ఈ ఊరి రూపే మారిపోయింది. గ్రౌండ్ స్టాఫ్, కార్గో, హోటళ్లు, షాపులు, హైవే పొడుగునా గోడౌన్లు. సెకండియర్ పిల్లకి షిఫ్టు ఉద్యోగం దొరకడం పెద్ద విషయం కాదు. పైగా మాకు కావలసిన పొడుగే ఎయిర్‌లైన్స్ వాళ్లకీ కావాలి. కేబిన్ క్రూకి అమ్మాయిలకి సాధారణంగా అడిగే కనీస ఎత్తు 155 సెంటీమీటర్లు. మా కాలేజీలో ఐదున్నర అడుగుల పిల్ల చేరిందన్న సంగతి ఎయిర్‌హోస్టెస్ కోచింగ్ సెంటర్లవాళ్లకి నాకంటే ముందే ఎలా తెలుస్తుందో ఆ దేవుడికే తెలియాలి. వాళ్లకి చిక్కనిది పోలీస్ కోచింగ్‌కి పోతుంది. 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ మా పిల్లలకి మంచినీళ్ల ప్రాయం.

మా మిడిల్ బ్లాకర్ ఒకామె ప్రాక్టీస్‌కి రావడం మానేస్తే ఇంటికెళ్లాను. వాళ్లమ్మ కుర్చీ వేసి, చాయ్ పెట్టి, నెమ్మదిగా అంది: "మేడమ్, మీరు చెప్పేది మంచిదే. గని ఎయిర్‌పోర్ట్ల నెల కాంగనె పైసలొస్తయి. బాల్ ఆడితె ఏమొస్తదో జర మీరే చెప్పుండ్రి."

ఏం చెప్పాలి? 1973లోనే ఆంధ్రప్రదేశ్ నుంచి మాలినీ రెడ్డి వాలీబాల్‌లో అర్జున అందుకుందని చెప్పనా? బ్యాడ్మింటన్ సింధు వాళ్లమ్మ విజయ, నాన్న రమణ ఇద్దరూ వాలీబాల్ ఆడే రైల్వే ఉద్యోగాలు తెచ్చుకున్నారని, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో రమణ ఉన్నారని చెప్పనా? చెప్పాను. ఆమె వింది. కానీ స్పోర్ట్స్ కోటా కొలువులు ఏటా ఎన్ని పడతాయో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజన్ ఇక్కడికి దగ్గర్లోనే, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగింది. ఆ లీగ్ మగవాళ్లకే. నా దగ్గర బ్లాకర్‌గా ఆడే అమ్మాయికి చూపించడానికి ఆ స్థాయిలో ఆడవాళ్ల లీగ్ ఒక్కటీ లేదు. ఈ ఆట పెద్దల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది. నేను ఆపలేదు, ఆపడం తప్పని కూడా అనుకుంటాను. వెళ్లేవాళ్లు వెళ్తారనుకునే ప్లాన్ వేసుకోవాలి. అందుకే ప్రతి స్థానానికీ ఇద్దరిని పెట్టుకుంటాను, సెట్టర్‌కి ముగ్గురిని. ఫస్టియర్ పిల్లలందరితోనూ, స్పైకర్లతో సహా, మొదటి నెల గోడకి వేళ్లతో బంతి ఆడిస్తాను. విసుక్కుంటారు. వాళ్లలో ఒకరికైనా ఆ చేతులు కుదురుతాయి. పొట్టి పిల్లల్ని వెనక్కి పంపను. 1998 నుంచి లిబరో అనే స్థానం ఉంది, బ్లాక్ చేయక్కర్లేదు, నెట్ మీద కొట్టక్కర్లేదు, వెనక నిలబడి నేలని కాపాడితే చాలు. మంఖాల్ నుంచి వచ్చే ఐదడుగుల పిల్ల ఒకతి ఇప్పుడు మా టీమ్‌లో అందరికంటే గట్టిగా అరుస్తుంది. విమానం మోతలో 'నాదీ' అన్నది వినపడదు కదా, చెయ్యెత్తి చూపించే అలవాటు కూడా ఆమే పెట్టింది. పెళ్లయి వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా రిజిస్టర్‌లోంచి కొట్టేయను. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి వయోపరిమితి 17 నుంచి 25. పీజీలో చేరితే మళ్లీ ఆడొచ్చు. అత్తగారిల్లు ఇక్కడి ఉందానగర్ స్టేషన్‌కి దగ్గరైతే ఇంకా నయం, ప్రాక్టీస్‌కి రావచ్చు.

ఇది చదివే పీఈటీలకి, జూనియర్ కాలేజీ ప్రిన్సిపాళ్లకి ఒక మనవి. మీ దగ్గర రెండో బంతిని చప్పుడు లేకుండా అందుకునే పిల్ల ఉంటే, షూటర్ పేరు చెప్పే ముందు ఆమె పేరు చెప్పండి. ఇంటర్ రెండేళ్లూ సాయంత్రం ఒక గంట ఆమె చేతికి బంతి ఇవ్వండి, చదువు ఎక్కడికీ పోదు. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కన కూర్చుని హాస్టల్ ఉన్న కాలేజీని పైన పెట్టించండి. అది మా కాలేజీ కాకపోయినా సరే.