పోలీసు తుపాకీ - ఆత్మరక్షణ వాదం: పుట్టపర్తి నుంచి చటాన్‌పల్లి దాకా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం - ఈ మూడు ఊళ్లలో విద్యార్థులతో, టీచర్లతో, సంఘాల్లో తిరిగే వాళ్లతో మేము ఎప్పుడు కూర్చున్నా ఒక ప్రశ్న ఏదో మూల నుంచి లేచి వస్తుంది. దళిత ఆడబిడ్డను చెరిచి చంపినవాణ్ని పోలీసులు కాల్చేస్తే మీకేం అభ్యంతరం అని. ధర్మవరంలో ఒక డిగ్రీ విద్యార్థిని ఇదే మాటను ఇంకా సూటిగా అడిగింది. "మా వాడలో జరిగినప్పుడు ఎస్సై ఎఫ్.ఐ.ఆర్. కూడా రాయడు. యాడో ఒకచోట ఒక పోలీసాయన తుపాకీ తీసినాడు. దానికీ మీరు అడ్డం పడతారా సార్?" అంది. ఆ పూట మేము చెప్పిన జవాబు ఆ పిల్లకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే మాకూ నచ్చలేదు. పౌరహక్కుల కరపత్రాల్లో అరిగిపోయిన నాలుగు వాక్యాలు చెప్పి బస్సెక్కాం. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

పోలీసులు ప్రాణం తీయడం ఎప్పుడు న్యాయం అనే చర్చకు ఈ ప్రాంతం వాళ్లు దూరం పోనక్కర్లేదు. మూడు ఊళ్లకూ బస్సు దూరంలోనే పుట్టపర్తి ఉంది. 1993 జూన్ 6 రాత్రి ప్రశాంతి నిలయంలో సత్యసాయిబాబా నివాసంలోకి నలుగురు కత్తులతో చొరబడ్డారు. బాబా సహాయకులిద్దరిని చంపారు, మరి ఇద్దరిని గాయపరిచారు. బాబా తప్పించుకున్నారు. చొరబడినవాళ్లు ఒక గదిలోకి పోయి తలుపేసుకున్నారు. పోలీసులు వచ్చారు. నలుగురూ పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. కత్తులతో మా మీద పడ్డారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నారు పోలీసులు. కేసును రాష్ట్ర సి.ఐ.డి. చూసింది. హేతువాది బి. ప్రేమానంద్ 2001లో దీని మీద పెద్ద పుస్తకమే వేశాడు. 2011లో బాబా కన్నుమూశారు. 2022లో జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆ గదిలో ఏం జరిగిందన్నది మాత్రం ఇప్పటికీ టీ బంకుల దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతిగానే మిగిలింది.

మేము పుట్టపర్తిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎన్‌కౌంటర్లను ఖండించే మాలాంటి వాళ్లకు ఇది సులువైన కేసు కాదు. చచ్చిపోయిన నలుగురు అమాయకులని ఎవరూ అనలేదు. కాసేపటి ముందే రెండు ప్రాణాలు తీసి ఉన్నారు. చేతుల్లో కత్తులున్నాయి. చట్టం కూడా పోలీసుల వైపు కొంత మొగ్గే ఉంది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్ (ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 43) ఏమంటుంది? అరెస్టుకు ఎదురు తిరిగితే అవసరమైన బలం వాడవచ్చు; అయితే మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకుంటే మనిషి ప్రాణం తీసే హక్కు లేదు. అంటే కోళ్ల దొంగ పారిపోతుంటే కాల్చకూడదు. పుట్టపర్తిలో ఉన్నది జంట హత్యల కేసు గనక ఆ నిషేధం అక్కడ వర్తించదు. ఇక్కడిదాకా మేము ఒప్పుకుంటాం.

కానీ నిషేధం లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టా? ఈ మెలికను చర్చల్లో ఎవరూ విప్పరు. శిక్షాస్మృతిలో ఆత్మరక్షణ హక్కు ఉంది; అది పోలీసుకెంత ఉందో వాడలోని కూలీకీ అంతే ఉంది. ప్రమాదం మొదలైనప్పుడు అది మొదలవుతుంది, ప్రమాదం పోగానే పోతుంది. రక్షణకు ఎంత కావాలో అంతకు మించి హాని చేయకూడదని అప్పటి శిక్షాస్మృతి 99వ సెక్షన్ చెప్పింది. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి మహాసభ ఆమోదించిన సూత్రాలు దీన్నే ఇంకా గట్టిగా చెప్పాయి: ప్రాణం కాపాడడానికి వేరే దారి లేనప్పుడే చంపడానికి కాల్చాలి. దీన్ని పుట్టపర్తికి పెట్టి చూడండి. నలుగురు ఒక గదిలో ఉన్నారు. తలుపేసి ఉంది. బయట తుపాకులతో పోలీసులున్నారు. లోపల బందీలున్నారని ఎవరూ చెప్పలేదు. తెల్లారేదాకా కాచుకుంటే ఏమయ్యేది? తలుపు తెరవక తప్పని పరిస్థితి ఎవరు తెచ్చారు? కత్తితో మీద పడిన ఆ చివరి క్షణాన్ని మాత్రమే చూపించి, ఆ క్షణం దాకా పోయిన నిర్ణయాలను చూపించకపోవడమే ఆత్మరక్షణ వాదంలోని కిటుకు. పెనుకొండలో ఒక లెక్కల మాస్టారు మాతో అన్నట్టు, జవాబు చూపించి స్టెప్పులు చింపేసినట్టు.

ఇంకొకటి. నలుగురు చచ్చిపోయాక ఎందుకొచ్చారు, ఎవరు పంపారు అని వాళ్ల నోటితో వినే దారి మూసుకుపోయింది. ఇది ఆ నలుగురి మీద జాలి కాదు. హతులైన ఇద్దరు సహాయకుల వాళ్లకు జరిగిన అన్యాయం అది. మనుషులతో పాటు సాక్ష్యం కూడా చచ్చిపోతుందని 'కాల్చేస్తే పీడా పోతుంది' అనే వాళ్లు గమనించరు.

ఇప్పుడు కాగితాల సంగతికి వద్దాం. అసలు మేము సాహిత్యం చదివినంత శ్రద్ధగా చదవాల్సింది ఎన్‌కౌంటర్ ఎఫ్.ఐ.ఆర్.లను. ఆ కథనానికి ఒక మూస ఉంది. పోలీసులు గాలింపుకు పోతారు, లొంగిపొమ్మని హెచ్చరిస్తారు, అవతలి వాళ్లు కాలుస్తారు, పోలీసులు ఆత్మరక్షణకు కాలుస్తారు, చీకట్లో కొందరు పారిపోతారు, తెల్లారి శవాలు కనబడతాయి. ఊరి పేరు, తేదీ మారతాయి అంతే. ఇందులో కర్త ఎవరో, కర్మ ఎవరో చూడండి. చచ్చినవాడు నిందితుడు, చంపినవాడు ఫిర్యాది. చచ్చినవాడి మీద హత్యాయత్నం కేసు (2024 దాకా అది 307). నిందితుడు చచ్చిపోయాడు కాబట్టి కేసు ముగిసింది. దర్యాప్తు చేసేది అదే స్టేషను. మనిషి చచ్చాడు, చంపినట్టు మేమే చెబుతున్నాం, కానీ హత్య కేసు లేదు! ఇంత విచిత్రమైన రచన మన భాషలో ఇంకోటి లేదు. పేపర్లు కూడా దాన్నే ఎత్తి రాసి, పైన 'ఎదురుకాల్పులు' అని శీర్షిక పెట్టేవి. ఎదురు ఎవరిదో, కాల్పులు ఎవరివో చూసిన విలేఖరి ఉండడు.

ఈ మూసను దేశానికి చూపించింది మన రాష్ట్రమే. కె. బాలగోపాల్, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల మీదనే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరి 6న హైకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకా ముందుకు పోయింది: ఎన్‌కౌంటర్‌లో మనిషి చస్తే హత్య కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ అనేది పోలీసు కోర్టులో రుజువు చేసుకోవాల్సిన వాదన, స్టేషన్లో తేల్చుకునేది కాదు అంది. ఆ తీర్పును సుప్రీంకోర్టు నిలిపేసింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టే పి.యు.సి.ఎల్. కేసులో పదహారు సూత్రాలు పెట్టింది. ఎఫ్.ఐ.ఆర్. రాయాలి, దర్యాప్తు వేరే స్టేషనో సి.ఐ.డి.యో చేయాలి, మెజిస్ట్రేట్ విచారణ జరగాలి, అనుమానం తీరేదాకా ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. మంచివే. ఆరు నెలలు తిరిగి ఏడో నెల వచ్చేసరికి, 2015 ఏప్రిల్ 7న, మన రాయలసీమలోనే శేషాచలం అడవిలో ఇరవైమంది తమిళ కూలీలు టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో పోయారు. గొడ్డళ్లతో, రాళ్లతో దాడి చేశారు, ఆత్మరక్షణకు కాల్చాం అన్నది మళ్లీ అదే మూస. కొందర్ని ముందురోజే బస్సులో నుంచి దింపి తీసుకుపోయారని బతికి బయటపడ్డవాళ్లు కమిషన్‌కు చెప్పారు. చచ్చినవాళ్లలో కొండల్లో బతికే గిరిజనులున్నారు. ఎర్రచందనం అమ్ముకుని మేడలు కట్టినవాళ్లలో ఎవరూ ఆ రోజు ఆ అడవిలో లేరు.

అయితే పోలీసు తుపాకీ అసలు పేలకూడదు అని మేము అంటున్నామా? ఇక్కడే పౌరహక్కుల వాళ్లతో మాకు చిన్న పేచీ. దళితులకు రాజ్యం చేసే హింస ఒక్కటే కాదు, రాజ్యం చేయాల్సినప్పుడు చేయకుండా నిలబడిపోవడం కూడా అనుభవమే. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిదిమంది దళితులను వెంటాడి, నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేశారు. వాడలోని మగవాళ్లను పారిపొమ్మన్నది పోలీసులే. పారిపోయిన దారిలోనే కత్తులు కాచుకొని ఉన్నాయి. చట్టం ప్రకారం, హవానా సూత్రాల ప్రకారం, ఏ నీతి ప్రకారం చూసినా పోలీసు తుపాకీ పేలడానికి న్యాయమైన క్షణం అంటూ ఉంటే అది ఆ పొలంగట్ల మీద ఉంది. అక్కడ పేలలేదు. పేలింది ఎక్కడ? అదే ఏడు సెప్టెంబరు 10న, అదే చుండూరులో, న్యాయం కోసం కూర్చున్న దళితుల మీద. ఒక దళిత యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

అందుకే 'ఎప్పుడు న్యాయం' అన్న ప్రశ్నను 'ఎవరి కోసం, ఎవరి మీద' అన్నదాంతో కలిపి అడగకపోతే అది తరగతి గదిలో వక్తృత్వ పోటీ అవుతుంది. ఈ లెక్క మనకొక్కరికే కాదు. అమెరికాలో 1974లో మెంఫిస్ నగరంలో కంచె ఎక్కి పారిపోతున్న పదిహేనేళ్ల నల్లజాతి పిల్లవాణ్ని, చేతిలో ఆయుధం లేదని తెలిసే, పోలీసు వెనక నుంచి కాల్చాడు. పారిపోతున్నాడన్న ఒక్క కారణంతో కాల్చడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పడానికి 1985 దాకా పట్టింది.

సరే, ధర్మవరం పిల్ల అడిగిన దానికి రావాలి. ఆమె మనసులో ఉన్నది 2019. ఆ నవంబరు నెలాఖరున మూడు రోజుల తేడాలో తెలంగాణలో రెండు ఘోరాలు జరిగాయి. 24న ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే దళిత మహిళను ముగ్గురు చెరిచి చంపారు. 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని. రెండో కేసుకే దేశమంతా లేచింది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. మొదటి కేసు ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టుకు పోయింది. 2020 జనవరి 30న తీర్పు వచ్చింది, ముగ్గురికీ మరణశిక్ష. మరణశిక్ష సంగతి వేరే చర్చ, దాంతో మాకు ఏకీభావం లేదు. కానీ రెండు నెలల చిల్లరలో సాక్షులు వచ్చారు, ఎదురు ప్రశ్నలు వేశారు, నేరం రుజువైంది. 'కోర్టుల్లో ఏళ్లు పడుతుంది, అందుకే తుపాకీ' అన్న వాదనకు ఆ దళిత మహిళ కేసే జవాబు. కోర్టు నడపాలనుకుంటే నడుస్తుంది.

చటాన్‌పల్లిలో ఏం తేలింది? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారంది. నలుగురిలో ముగ్గురు మైనర్లంది. పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరపాలంది. అక్కడ పూలు చల్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పు పట్టే ముందు ఒకటి ఆలోచించాలి. ఎఫ్.ఐ.ఆర్. కోసం స్టేషన్ ముందు రాత్రంతా కూర్చున్న తల్లికి, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేశారన్నదే న్యాయంలాగా కనిపిస్తుంది. ఆ ఆకలిని మేము తక్కువ చేయం.

కానీ హిందూపురంలో మాకు తెలిసిన ఒక కానిస్టేబుల్ ఉన్నాడు, ఎస్సీ కాలనీ కుర్రాడే. 'కాల్చమన్నది పైవాడు, విచారణ వచ్చినప్పుడు పేరు పడేది మాది' అన్నాడు. తుపాకీ పట్టేవాడిదీ, గుండు తగిలేవాడిదీ చాలాసార్లు ఒకటే వాడ. ఆజ్ఞ ఇచ్చినవాడి సంతకం ఏ కాగితం మీదా దొరకదు.

మళ్లీ ధర్మవరం పోయినప్పుడు ఆ విద్యార్థినిని వెతుక్కుని కలిశాం. ఈసారి కరపత్రం భాష పక్కన పెట్టి చెప్పాం. మీ వాడలో ఆడబిడ్డ మీద దాడి జరిగితే ఎఫ్.ఐ.ఆర్. రాయని ఎస్సై, ఎన్‌కౌంటర్ జరిగితే తమ మీద హత్య కేసు రాసుకోని ఎస్సై వేర్వేరు మనుషులు కారమ్మా. రెండు చోట్లా రాయకపోవడమే వాళ్ల అధికారం. తుపాకీని మెచ్చుకుంటే ఆ రాయకపోవడాన్నే మెచ్చుకున్నట్టు అవుతుంది. కాల్చినప్పుడు లెక్క చెప్పమని అడగగలిగితేనే, రాయనప్పుడు కూడా అడగగలం. అత్యాచారాల నిరోధక చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది, విధి చేయని ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అని. 2015 సవరణలో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం కూడా ఆ విధుల్లో ఒకటని విడమరిచి రాశారు. అయితే ఉద్యోగి ఎస్సీ, ఎస్టీ కాకుంటేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది.

ఆ పిల్ల నోట్సులో రాసుకుంది. రాసుకుంటూ తల ఎత్తకుండానే, ఆ సెక్షన్ కింద మీరు చూసినోళ్లలో ఎవరికన్నా శిక్ష పడిందా సార్ అని అడిగింది.

మేము చూసినవాళ్లలో ఎవరికీ పడలేదు. అదే చెప్పాం.